తేదీ ఇచ్చారు, ఘడియ ఇవ్వలేదు
(ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి విషయం మీద మాట్లాడడానికి మన ఊళ్ళో డాక్టరమ్మలకు కొదవ లేదు. నేను డాక్టర్ని కాను. తెనాలిలో ముప్పై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన పంతులమ్మని. "ఆంటీ, డాక్టర్లు చెప్పేది డాక్టర్లు ఎలాగూ చెప్తారు. మంచం పక్కన కుర్చీలో కూర్చునే అమ్మమ్మ ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో మీరు చెప్పండి" అన్నారు నిర్వాహకులు. చెయ్యకూడనివన్నీ స్వయంగా చేసి వచ్చినదాన్ని గనుక, ఆ అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

2019 ఫిబ్రవరిలో మా అమ్మాయి తొలి పురుటికని ఇక్కడికి వచ్చాను. మన పద్ధతిలో పిల్ల పుట్టింటికి రావాలి. ఈ దేశంలో పుట్టిల్లే సూట్‌కేసు సర్దుకుని పిల్ల దగ్గరకు వస్తుంది. నా సూట్‌కేసులో శొంఠి, కాయం, కారప్పొడి, పాత మెత్తటి చీరలు ఉన్నాయి. ఓపిక మాత్రం సర్దుకోవడం మరిచిపోయాను.

అమ్మాయికి కడుపుతో ఉండగా షుగరు వచ్చింది. మన దక్షిణాసియా ఆడవాళ్ళలో ఇది ఎక్కువే. ఇన్సులిన్ మొదలుపెట్టారు. షుగరు అదుపులోనే ఉన్నా, మందు మీద ఉన్నవాళ్ళకు 39 వారాలు నిండాక, 40 నిండేలోగా కాన్పు చెయ్యడం ఇక్కడి పద్ధతి. "గురువారం రాత్రి ఏడింటికి రండి, నొప్పులు తెప్పిద్దాం" అన్నారు. ఇండక్షన్ అంటే అదే.

ఆ మాట నేనూ, విజయవాడలో ఉన్న మా వియ్యపురాలూ అర్థం చేసుకున్న తీరే అసలు కథ. తేదీ ఇచ్చారంటే ఆ తేదీకి పుట్టేస్తుందనుకున్నాం. ఆవిడ పంతులుగారిని అడిగి ఫోన్ చేసింది. "వదినగారూ, శుక్రవారం పొద్దున్న తొమ్మిది లోపు దివ్యంగా ఉందిట. తరవాత వర్జ్యమట. డాక్టరుగారి చెవిన ఒక్క మాట వెయ్యండి." ఆ వర్జ్యం విజయవాడ లెక్కో మిషిగన్ లెక్కో అడగడం మా ఇద్దరికీ తోచలేదు!

అందుచేత తల్లులూ, మొట్టమొదట చెప్పదలచుకున్నది ఇదే. ఇండక్షన్‌కి ఇచ్చే తేదీ బిడ్డ పుట్టే తేదీ కాదు, పని మొదలుపెట్టే తేదీ. అక్కడినుంచి కొందరికి పన్నెండు గంటలు పడుతుంది, కొందరికి రెండు రోజులు. తొలి చూలుకి ఇంకా ఎక్కువ. ఇండియాకి ఫోన్ చేసి ముందే తేదీ చాటకండి. చాటితే గంటగంటకీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

గురువారం సాయంత్రం బయలుదేరబోతూ అల్లుడు ఆస్పత్రికి ఫోన్ చేశాడు. పడకలు ఖాళీ లేవు, పదింటికి మళ్ళీ చెయ్యండి అన్నారు. నేను కంగారుపడిపోయాను. ఇది మామూలేనట. నొప్పులతో పరుగెత్తుకొచ్చేవాళ్ళకు ముందు చోటివ్వాలి కదా. బయట మంచు కురుస్తోంది. ఆ మూడు గంటలూ ఇంట్లోనే ఉండి, అమ్మాయి వేడి వేడిగా పప్పన్నం తిని, స్నానం చేసింది. అదే మంచిదయింది. నొప్పులు మొదలయ్యాక చాలా ఆస్పత్రుల్లో నీళ్ళు, రసాలు తప్ప తిండి పెట్టరు. ఏం తిని రావచ్చో మీ డాక్టరును ముందే అడిగి, తిని వెళ్ళండి.

చేరాక ముందు పరీక్ష చేసి మార్కులు వేస్తారు. 1964లో ఎడ్వర్డ్ బిషప్ అనే డాక్టరు పెట్టిన లెక్క ఇది. గర్భాశయ ముఖం ఎంత తెరుచుకుంది, ఎంత పలచబడింది, ఎంత మెత్తబడింది, ఎటు తిరిగి ఉంది, బిడ్డ తల ఎంత కిందికి దిగింది – ఈ అయిదింటికీ మార్కులు. మార్కులు తక్కువైతే ముందు దాన్ని మెత్తబరచాలి. దానికి మాత్రలున్నాయి, చిన్న బెలూను పెట్టే పద్ధతి ఉంది. అంతకుముందు సిజేరియన్ అయినవాళ్ళకు మిసోప్రోస్టాల్ అనే మాత్ర పనికిరాదు, పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. ఆ సంగతి డాక్టరుకు తెలిసినా మీరూ ఒకసారి గుర్తుచెయ్యండి. తరవాత పిటోసిన్ చుక్కల మందు కొంచెం కొంచెంగా పెంచుతారు. ఉమ్మనీటి సంచి తెంచుతారు. ఆ మందు పేరు వింటేనే నాకు భయం వేసింది. నిజానికి నొప్పుల కోసం మన ఒంట్లోనే ఊరే ఆక్సిటోసిన్ అది. దాన్ని ప్రయోగశాలలో 1953లో తయారుచేసిన విన్సెంట్ డు విన్యోకి 1955లో నోబెల్ బహుమతి వచ్చింది.

మా పిల్లకు మార్కులు మూడే. రాత్రంతా మాత్రలు, శుక్రవారం పొద్దున్న బెలూను, మధ్యాహ్నం పిటోసిన్. తొమ్మిదింటి ముహూర్తం దాటిపోయింది. వర్జ్యం కూడా దాటిపోయింది. శనివారం తెల్లవారేసరికి నాలుగు సెంటీమీటర్లు. రెండు రాత్రుళ్ళు నిద్ర లేదు, ఫోన్‌లో వియ్యపురాలి ఏడుపు. నర్సు గదిలోకి రాగానే నేను లేచి, "ఇక చాలు, ఆపరేషన్ చేసి తీసెయ్యమను బాబూ" అని అల్లుడితో గట్టిగా అన్నాను. అతను తల వంచుకున్నాడు. మంచం మీంచి అమ్మాయి అంది: "అమ్మా, బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది. నాకింకా ఓపిక ఉంది. నీకు లేకపోతే ఇంటికి వెళ్ళి పడుకో."

ముప్పై ఏళ్ళు తరగతి గదుల్లో నేను చెప్పిందే వేదం. ఆ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. నన్ను పురిటి గదిలోంచి పంపించేసింది నా కూతురు. అల్లుడు ఇంట్లో దింపి వెళ్ళాడు. ఏడ్చి, పడుకుని, లేచి చారు పెట్టాను.

డాక్టరమ్మ తరవాత విడమరిచి చెప్పింది. ఆరు సెంటీమీటర్లు దాటేదాకా అసలు జోరు అందుకోదట. తల్లీ బిడ్డా బాగున్నంత వరకు, ఉమ్మనీరు పోయి పిటోసిన్ పెట్టాక కనీసం పన్నెండు నుంచి పద్దెనిమిది గంటలు చూడకుండా "ఇండక్షన్ ఫెయిలయింది" అనకూడదట. మా తొందరకు మూలం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రలో 42.4 కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తానికి 21.5. ఆపరేషన్ మన చుట్టూ అంత మామూలైపోయింది గనుకే నా నోట ఆ మాట అంత తేలిగ్గా వచ్చింది. ఇండక్షన్ అంటే చివరికి ఆపరేషనే అనే అపోహ కూడా ఉంది. అమెరికాలో 41 ఆస్పత్రుల్లో, ఇతర ఇబ్బందులు లేని 6,106 మంది తొలి చూలు తల్లుల మీద చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. 39 వారాలకు నొప్పులు తెప్పించినవాళ్ళలో సిజేరియన్లు 18.6 శాతం, వేచి చూసినవాళ్ళలో 22.2 శాతం.

అలాగని ఆపరేషన్ ఓటమి కాదు. బిడ్డ గుండె తగ్గితే క్షణం ఆలోచించకూడదు. అమ్మమ్మలు గుర్తుపెట్టుకోవలసిన ప్రశ్న ఒక్కటే: "ఇది ప్రమాదమా, ఆలస్యమా?" ప్రమాదమైతే డాక్టరు మాట వినండి. ఆలస్యమే అయితే పిల్ల మాట వినండి. ఎపిడ్యూరల్ కావాలో వద్దో కూడా ఆ నొప్పి పడేదే చెప్పాలి.

ఇక సర్దుకోవలసినవి. కారు సీటు ముందే బిగించి చూసుకోండి. బిడ్డ పేరు అనుకుని ఉంచుకోండి. ఇరవై ఒకటో రోజు బారసాల దాకా ఆగుతామంటే బర్త్ సర్టిఫికెట్ కాగితాలవాళ్ళకు అర్థం కాదు. ఉద్యోగం తరఫు ఇన్సూరెన్సులో బిడ్డను 30 రోజుల్లోగా చేర్పించండి. 1996 నాటి చట్టం ప్రకారం మామూలు కాన్పుకు 48 గంటలు, సిజేరియన్‌కు 96 గంటలు ఆస్పత్రిలో ఉండనివ్వాలి. ఆ లెక్క చేరినప్పటినుంచి కాదు, బిడ్డ పుట్టినప్పటినుంచి. ఇంగ్లీషు రానివాళ్ళు తెలుగు దుబాసీని అడగండి, మొహమాటపడకండి. మా నాయనమ్మ కాలంలో నొప్పుల కోసం ఆముదం పట్టేవారు. డాక్టరుకు చెప్పకుండా ఆ పని చెయ్యకండి, వాంతులు, విరేచనాలతో ఉన్న ఓపిక కాస్తా పోతుంది.

శనివారం సాయంత్రం అయిదూ నలభైకి నా మనవరాలు పుట్టింది, మామూలు కాన్పే. నేను చారు ఫ్లాస్కుతో గది గుమ్మంలో నిలబడ్డాను, లోపలికి రావచ్చో రాకూడదో తెలియక. అమ్మాయి నన్ను చూసి, "చారు తెచ్చావా?" అంది. అంతే, క్షమాపణలు అయిపోయాయి.

వియ్యపురాలు పంతులుగారిని మళ్ళీ అడిగిందట. శనివారం సాయంత్రం కూడా దివ్యంగానే ఉందిట!

సెలవు.