గాజుతొట్టిలో పెళుసు తార

(కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గాజుతొట్టిలో చేపలను పెంచు అలవాటు నేడు మన ఇండ్లలోను ప్రబలినది. కొందరు మంచినీటి చేపలతో తృప్తిపడక, ఉప్పునీటి తొట్టిని నెలకొల్పి, పగడపు దిబ్బలలో నివసించు జీవులను పెంచగోరుచున్నారు. అట్టివారు తరచుగా కొనితెచ్చు జీవి బ్రిటిల్ స్టార్. దీనిని పెళుసు తార యని పిలుచుకొందము. దీని పోషణమును గూర్చి మేము తెలిసికొన్న కొన్ని విషయములను మీ ముందుంచుచున్నాము.

ఇది సముద్ర నక్షత్రమునకు దాయాది. నడుమ చిన్న బిళ్ల, చుట్టును పామువలె మెలికలు తిరుగు ఐదు చేతులు. సముద్రములలో దీని జాతులు రెండువేలకు పైగా గలవు. పగలు రాతిసందున దాగి, రాత్రి వెలికివచ్చి, చేపలు తినగా మిగిలిన ఆహారమును, అడుగున చేరిన మడ్డిని తినును. శత్రువు పట్టుకొన్నచో ఆ చేతిని తెంచుకొని పారిపోవును. కొన్నాళ్లకు క్రొత్త చేయి మొలచును.

చేయి తెగినను బ్రతుకు జీవికి చావెట్లు వచ్చునని మీరడుగవచ్చును. నీటిలోని ఉప్పు హఠాత్తుగా మారిన చాలును. తన దేహములోని లవణమును సరిదిద్దుకొను శక్తి దీనికి లేదు. బయటి నీరెట్లో లోపలి ద్రవమట్లే. కావున అంగడినుండి తెచ్చిన వెంటనే తొట్టిలో విడువరాదు. అది వచ్చిన నీటితోనే ఒక పాత్రలో ఉంచి, సన్నని గొట్టముద్వారా తొట్టినీటిని బొట్టుబొట్టుగా, రెండు గంటలసేపు, అందులో కలుపవలెను. పిదప జీవిని మాత్రమే మార్చవలెను.

సముద్రజలమున కిలోకు సుమారు 35 గ్రాముల లవణములుండును. వంట ఉప్పు పనికిరాదు. ఇందులకై తయారైన మిశ్రమమునే వాడవలెను. వేసవిలో నీరు ఆవిరియగును గాని ఉప్పు ఆవిరికాదు. కనుక తగ్గిన మేరకు శుద్ధమైన మంచినీటినే పోయవలెను. చేపల జబ్బునకు రాగి చేరిన మందును ఈ తొట్టిలో వేయరాదు. చేపకు మందైనది దీనికి విషము. జబ్బుచేపను వేరుతొట్టికి మార్చి చికిత్స చేయవలెను.

క్రొత్త తొట్టిలో దీనికి తిండి చాలదు. కొన్ని నెలలు గడచిన తొట్టిలోనే విడువవలెను. వారమునకు రెండుమారులు, దీపమార్పిన పిదప, చిన్న రొయ్యముక్కను దగ్గరనుంచిన చాలును. ఆకుపచ్చని పెద్దజాతిని మాత్రము చిన్నచేపలతో నుంచరాదు. అది చేతులపై నిలిచి, బిళ్లను పందిరివలె పైకెత్తి, ఆ నీడకు చేరిన చేపను చుట్టి మ్రింగును.

ఇక ఒక్క మనవి. రామేశ్వర యాత్రకు పోవువారు మన్నారు సింధుశాఖ తీరమునుండి తొట్టికొరకని పగడపురాళ్లను తేరాదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున 2001లో రాతిపగడములు చేర్చబడినవి. వానిని తీయుట నేరము. పెళుసు తారకు కావలసినది దాగుటకొక సందు. కృత్రిమశిలలు అందులకు చాలును. చిన్నజాతులలో కొన్ని తొట్టిలోనే పిల్లలను పెట్టును. వానిని సముద్రమునుండి తీయనక్కరలేకయే ఒక ఇంటినుండి మరియొక ఇంటికి ఇచ్చుకొనవచ్చును.

పిల్లలు ఈ జీవి కావలెనని కోరినపుడు, ఆ రెండు గంటలు పాత్రయొద్ద కూర్చుండు ఓపిక వారికి కలదేమో మొదట చూడుడు. అది కలిగిన ఇంటనే ఇది బ్రతుకును.