రేపు ఎవరు బాగుచేస్తరు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో చదివి ఇంజినీరునయ్యాను. మూడేళ్ల కింద బడికి ఒక కంప్యూటర్ నేనే బిగించి ఇవ్వాలనుకున్నాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో తిరిగి ఒక్కొక్క భాగం కొన్నాను. అందులో లినక్స్ వేశాను. 1991లో ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ పని ఇవాళ అందరి సొత్తు. లైసెన్సు డబ్బు అక్కర్లేదు, తెలుగులోనూ వాడుకోవచ్చు.

ఇంట్లో వైరుతో చక్కగా నడిచింది. బడిలో వైఫై కోసం చివరి నిమిషంలో చిన్న అడాప్టర్ ఒకటి కొన్నాను. తీరా పిల్లల ముందు పెడితే ఇంటర్నెట్ రాలేదు. అందరూ బాగుందన్న మోడలే అది. కానీ కంపెనీలు పెట్టె మీద పేరు మార్చకుండా లోపలి చిప్ మారుస్తుంటాయి. నేను చూసింది పేరు, చూడాల్సింది చిప్.

ఆ రాత్రి కూర్చుని, బయటి నుంచి డ్రైవర్ తెచ్చి కంపైల్ చేసి నడిపించాను. గెలిచాననుకున్నాను. నెల తిరగకముందే కెర్నల్ అప్‌డేట్ అయింది, వైఫై మళ్లీ ఆగింది. కంప్యూటర్ మీద గుడ్డ కప్పారు. మా సారు ఫోన్ చేసి ఒకటే మాట అడిగారు: "నువ్వు హైదరాబాద్‌ల ఉంటివి. ఇది ఖరాబైతే ఇక్కడ ఎవరు బాగుచేస్తరు బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. నా తెలివి చూపించుకున్నానే గాని, బడికి పనికొచ్చేది ఇవ్వలేదు.

రెండోసారి ఆ ప్రశ్నతోనే బజారుకు పోయాను. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉన్న చిప్ ఉంటేనే వైఫై కార్డు కొన్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు మానేసి, ప్రాసెసర్‌లో ఉన్నదానితోనే సరిపెట్టాను; ఇంటెల్, ఏఎండీ గ్రాఫిక్స్‌కు డ్రైవర్లు లినక్స్‌తోనే వస్తాయి. ఆ మిగిలిన డబ్బు 8 జీబీ ర్యామ్‌కు, ఎస్‌ఎస్‌డీకి, కరెంటు పోయినా ఆదుకునే యూపీఎస్‌కు పెట్టాను. ఈసారి బిగించింది నేను కాదు, పిల్లలు. నేను పక్కన నిలబడ్డాను.

మిత్రులారా, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు కంపెనీ మద్దతు ఆగిపోయింది. మీ ఇళ్లలో, ఆఫీసుల్లో మూలకు పడ్డ మంచి కంప్యూటర్లు ఉంటాయి. బడికి ఇచ్చేముందు లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో ఒకసారి నడిపించండి. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో చూడండి. ఆ తర్వాత సారు అడిగిన ప్రశ్న మీరూ వేసుకోండి.

ఇప్పుడు ఆ కంప్యూటర్ ఆగితే నాకు ఫోన్ రాదు. పిల్లలే మూత విప్పుతారు.

సెలవు.