స్పర్శ లేని మచ్చ



ధర్పల్లికి చేరువనున్న డిచ్‌పల్లిలో, స్కాట్లండు నుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్, రాజా నర్సాగౌడ్ గారి విరాళముతో 1915లో కుష్ఠురోగుల చికిత్సాలయమును నెలకొల్పిరి. ఊరివారు వెలివేసిన వారికి అచట ఆశ్రయము లభించినది. చాల్‌మూగ్రా నూనెను సూదిమందుగా ఇచ్చుటయే ఆనాటి చికిత్స.

కుష్ఠు పూర్వజన్మ పాపము కాదు, వంశపారంపర్యమును కాదు. దానికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనెను. మందు తీసికొనని రోగితో చిరకాలము సన్నిహితముగా మెలగినవారికి, ముఖ్యముగా తుమ్ము, దగ్గు తుంపరల వలన, అది సోకును. అయినను పెక్కుమందికి దానిని ఎదిరించు శక్తి సహజముగానే యున్నది. పిల్లలకును పెద్దలకును రావచ్చును. సోకిన పిమ్మట బయటపడుటకు ఏండ్లు పట్టును.

గజ్జి, తామర దురద పెట్టును గనుక మనుష్యుడు తానే మందు వెదకుకొనును. కుష్ఠు మచ్చ దురద పెట్టదు, నొప్పి పెట్టదు. పాలిపోయియో, ఎఱ్ఱగానో ఉండి, తాకిన తెలియదు. అందుచేతనే అది అపాయకరము. నరములు చెడిన చేతికి పొయ్యిమీది గిన్నె వేడి తెలియదు. కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండ్లు పడి, క్రమముగా వ్రేళ్లు పోవును. వ్రేళ్లను తినునది రోగము కాదు, తెలియక తగిలిన గాయములు.

1940ల దశకమున డాప్సోన్ మందు వచ్చినది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందులను కలిపి ఇచ్చు చికిత్సను సూచించినది. రోగస్థితిని బట్టి ఆరు నెలలు గాని, పండ్రెండు నెలలు గాని వాడిన రోగము నయమగును. ప్రభుత్వాసుపత్రులలో ఈ మందు ఉచితము. మందు మొదలిడిన స్వల్పకాలములోనే రోగి వలన ఇతరులకు సోకు భయము తొలగును. ఇల్లు విడువ నక్కరలేదు, పంక్తి మార్చ నక్కరలేదు. కాని చెడిపోయిన నరము మరల బాగగుట దుర్లభము. కనుక ఆలస్యమే అసలు శత్రువు.

బిడ్డకు నీళ్లు పోయునపుడు తల్లి వీపు, పిరుదులు పరికింపవలెను. మచ్చ కనబడిన, బిడ్డను కన్నులు మూసికొమ్మని దూదితో మెల్లగా తాకి చూడవలెను. స్పర్శ తెలియకున్నచో, తెలియుచున్నదో లేదో అను సందేహము కలిగినను, వెంటనే వైద్యునికి చూపింపవలెను. అక్షరము నేర్చినవారు ఈ సంగతి నేర్వనివారికి చెప్పవలెను. సిగ్గుతో దాచిన మచ్చ చేతిని హరించును. వేళకు చూపిన మచ్చ మందుతో మానును.