ట్రాక్టరు ట్రాలీ: ఎంత బరువుకు ఎట్టి బండి?

ఎడ్లబండి తోలిన పెద్దలకు ఒక సంగతి ఏ పుస్తకమును చదువకయే తెలియును. తొట్టిలో బస్తాలు ముందునకు ఎక్కువగా పేర్చినచో కాడి ఎద్దుల మెడలను నొక్కును. వెనుకకు ఎక్కువగా పేర్చినచో నొగలు పైకి లేచి ఎద్దుల కంఠములకు పట్టెడలు బిగియును. కనుకనే వారు ఇరుసునకు ఇరుప్రక్కల బరువు సరిచూచి, కాడిమీద కొంచెము మొగ్గు ఉండునట్లు బండి నింపెడివారు. అంతకు మించి నింపినచో ఎద్దు అడుగు వేయక నిలిచిపోయెడిది. అదియే వారికి కొలత.

ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ కొలత పోయినది. ఇంజను మూలుగునే గాని మొరాయించదు. రెండు టన్నులు వేసినను లాగును, ఆరు టన్నులు వేసినను లాగును. ఎద్దు చెప్పిన మాట ఇప్పుడు మనిషి లెక్కవేసి తెలిసికొనవలసి యున్నది. ట్రాలీ కొనదలచిన గృహస్థునకు ఆ లెక్క ఎట్లు వేయవలెనో చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

పాల్వంచ ప్రాంతములో ట్రాలీ మోయు సరకు ఒక విధమైనది కాదు. వానాకాలపు పంట చేతికి వచ్చినపుడు వడ్లు, పత్తి. వేసవి తొలినాళ్ళలో ఖమ్మము మార్కెట్టుకు మిరప బస్తాలు. ఇండ్లు కట్టువారికి వాగు ఇసుక, ఇటుకలు. సారపాకలో 1979లో ఉత్పత్తి ఆరంభించిన కాగితపు మిల్లుకు జామాయిలు కట్టె. అశ్వారావుపేట, దమ్మపేట వైపున ఆయిల్‌పామ్ గెలలు. ఇన్నింటిని ఒకే ట్రాలీ మోయును. అందరును చూచునది తొట్టి పొడవు, వెడల్పు మాత్రమే. పొరపాటునకు మొదలు అక్కడనే ఉన్నది.

పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టిని తీసికొందము. దాని లోపలి చోటు 120 ఘనపుటడుగులు, అనగా సుమారు 3.4 ఘనమీటర్లు. దానిని అంచుల వరకు వడ్లతో నింపినచో సుమారు ఇరువది క్వింటాళ్ళు, అనగా రెండు టన్నులు పట్టును. అదే తొట్టిని పొడి ఇసుకతో నింపినచో దాదాపు అయిదున్నర టన్నులగును. వాగులో నుండి నీరు కారుచుండగా ఎత్తిన ఇసుక అయినచో ఆరు టన్నులు దాటును. పత్తి యన్ననో, ఎంత త్రొక్కినను కొద్ది క్వింటాళ్ళకు మించి ఎక్కదు. తొట్టి ఒక్కటే, నిండుట ఒక్కటే. బరువు మాత్రము ఒకటికి పది రెట్లు మారుచున్నది. కావున “తొట్టి నిండినది, ఇక చాలు” అను మాట వడ్లకు చెల్లును గాని ఇసుకకు చెల్లదు. ఇటుకల విషయములో లెక్క ఇంకను సులభము: మామూలు కొలత గల బూడిద ఇటుక మూడు కిలోలకు తగ్గదు, వేయి ఇటుకలనగా మూడు టన్నులకు పైమాట. జామాయిలు కట్టెలోనైతే నరికిన నాటి బరువులో ఇంచుమించు సగము నీరే. అదే ఎత్తున పేర్చిన పచ్చికట్టెకును ఎండుకట్టెకును ఎంత భేదమో దీనిని బట్టి ఊహింపవచ్చును.

ఇక ట్రాలీ మోయగల బరువెంత? ఇది తయారుచేసినవాని నోటిమాటను బట్టి తేలునది కాదు. రిజిస్ట్రేషను పత్రములో రెండు అంకెలుండును. ఒకటి సరకుతో కూడిన మొత్తము బరువు. రెండవది ఖాళీ బరువు. మొదటి దానిలో నుండి రెండవది తీసివేయగా మిగులునదే సరకునకు దక్కు బరువు. మొత్తము ఆరు టన్నులు, ఖాళీ బరువు ఒకటిన్నర టన్ను అయినచో మనకు మిగులునది నాలుగున్నర టన్నులే. కొందరు ట్రాలీ కొన్న పిమ్మట ప్రక్కలకు ఇనుప రేకులు ఎత్తు పెంచుదురు. అడుగున మందపు రేకు వేయింతురు. దింపుడు సులభమగుటకు హైడ్రాలిక్ జాకీ పెట్టింతురు. అవి ఉపయోగకరములే. కాని చేర్చిన ఇనుము ఎన్ని కిలోలో, సరకులో నుండి అన్ని కిలోలు తగ్గింపవలసినదే. బండి బలిసినకొలది మోత పెరుగునని తలచుట భ్రమ.

పత్రములోని అంకె ఎట్లున్నను, బండిలో అన్నిటికంటె బలహీనమైన భాగము ఎంత మోయగలదో బండియు అంతే మోయగలదు. కొనునపుడు మొదట టైర్లను చూడవలెను. టైరు ప్రక్కగోడపై అది ఎంత గాలితో ఎంత బరువు మోయునో అచ్చువేసి యుండును. అన్ని టైర్ల మోత కలిపినపుడు ట్రాలీ మొత్తము బరువునకు తక్కువ కాకూడదు. లారీలకు వాడి తీసివేసిన పాత టైర్లు బిగించిన ట్రాలీ చవుకగా వచ్చును. కాని ఆ చవుక నడిరోడ్డుపై తేలిపోవును. తరువాత ఇరుసు, కమాను పట్టీలు, చక్రపు బేరింగులు. సరకుతో నాలుగైదు మైళ్ళు నడిపి, దిగి, చక్రపు నడిమి భాగమును చేతితో తాకి చూచినచో, ఏ చక్రము మిగిలిన వానికంటె ఎక్కువ వేడెక్కినదో తెలియును. చివరకు ట్రాక్టరునకు ట్రాలీని కలుపు కొక్కెము, దాని పిన్ను. పిన్ను జారకుండ అడ్డుచీల ఉండవలెను. దానికి తోడు గట్టి గొలుసు ఒకటి వేసి యుంచుట మంచిది.

రెండు చక్రముల ట్రాలీ మేలా, నాలుగు చక్రములది మేలా అని పలువురు అడుగుదురు. రెండు చక్రముల దానిలో బరువులో కొంత భాగము ట్రాక్టరు కొక్కెముపై పడును. అందువలన ట్రాక్టరు వెనుక చక్రములకు నేల పట్టు పెరిగి, బురద చేనులో నుండి బయటపడుట తేలికయగును. వెనుకకు నడుపుటయు సులభము. కాని ఎడ్లబండి సూత్రమంతయు దీనికి వర్తించును. ముందు బరువు మితిమీరినచో ట్రాక్టరు ముందు చక్రములు నేలను వదలి, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగదు. వెనుక బరువు మితిమీరినచో కొక్కెము పైకి లాగబడి, వెనుక చక్రముల పట్టు సడలును. నాలుగు చక్రముల ట్రాలీ తన బరువును తానే మోసికొనును. ఎక్కువ సరకునకు, దూరపు రోడ్డు ప్రయాణమునకు అది తగినది. కాని అది ట్రాక్టరు చక్రములకు ఏ పట్టును చేర్చదు. వెనుకకు నడుపుటకు నేర్పు కావలెను. చేను, కల్లము, ఊరు, ఇంతలోనే తిరుగువానికి రెండు చక్రములది చాలును. సారపాకకో ఖమ్మమునకో పోవువానికి నాలుగు చక్రములది మేలు.

ఇంతవరకు మోయుటను గురించి చెప్పితిమి. అంతకంటె ముఖ్యమైనది ఆగుట. లాగగల బరువు వేరు, నిలుపగల బరువు వేరు. ట్రాలీ ఎన్నికలో ఈ రెండవదే హద్దు కావలెను.

మన ట్రాక్టర్లలో చాలవాటికి బ్రేకులు వెనుక రెండు చక్రములకే ఉండును. ట్రాక్టరు బరువు రెండు టన్నులు, సరకుతో ట్రాలీ ఆరు టన్నులు అనుకొందము; మొత్తము ఎనిమిది టన్నులు. పది అడుగులకు ఒక అడుగు దిగు వాలులో ఈ బరువులో పదియవ వంతు, అనగా 800 కిలోల బరువంత బలము బండిని క్రిందికి త్రోయుచుండును. చక్రములు దొర్లుటలో కలుగు ఒరిపిడి తారురోడ్డుపై అందులో సుమారు 160 కిలోలను తీసికొనును. మిగిలిన 640 కిలోలను బ్రేకులు ఆపవలెను. ట్రాక్టరు వెనుక చక్రములపై ఉండు బరువు సుమారు 1,300 కిలోలు. తడిసిన రోడ్డుపై టైరు పట్టు అందులో సగమనుకొన్నను 650 కిలోలు. అనగా బండి వేగము పెరుగకుండ పట్టియుంచుటకు మాత్రమే చాలును. నిలుపుటకు ఏమియు మిగులదు. ఇక అదే ట్రాలీలో మరి రెండు టన్నులు అదనముగా వేసినచో ఆపవలసినది 800 కిలోలు, పట్టు మాత్రము 650 కిలోలే. అప్పుడు చక్రములు బిగిసినను బండి జారును. వెనుక ట్రాలీ త్రోసికొని వచ్చి ట్రాక్టరును అడ్డముగా త్రిప్పివేయును. తోలువాని నేర్పు ఆ క్షణమున పనికిరాదు. ఇంజను పట్టు ఉన్నదిగదా అందురేమో. ఆ పట్టు కూడ ఆ రెండు చక్రముల ద్వారానే నేలకు చేరవలెను.

కాబట్టి నాలుగు టన్నులకు మించి మోయదలచినవారు ట్రాలీకి స్వంత బ్రేకులు గల దానినే అడిగి కొనవలెను. ధర కొంత హెచ్చినను ఆ సొమ్ము వృథా కాదు. ఏ ట్రాలీ అయినను, రోడ్డుపై పోవునపుడు ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్ళను గొళ్ళెముతో కలిపి యుంచవలెను. ఒక చక్రమునకే బ్రేకు పడినచో బండి ప్రక్కకు తిరుగును. వాలు దిగుటకు ముందే చిన్న గేరులో పెట్టవలెను. ఆయిలు కలిసివచ్చునని న్యూట్రల్‌లో విడుచుట ప్రాణముతో ఆడుకొనుటయే.

“ట్రిప్పు లెక్కన కిరాయి ఇచ్చుచున్నారు, తక్కువ వేసినచో వాయిదా సొమ్ము ఎట్లు కట్టవలెను?” అని యజమాని అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనదే. అప్పు తీసికొని కొన్న బండి అది. దానిమీద ఒక కుటుంబము ఆధారపడి యున్నది. అయినను లెక్క రెండు ప్రక్కల వేయవలెను. రెండు టన్నులు అధికముగా వేసిన ట్రిప్పుకు వచ్చు అదనపు సొమ్ము ఆ రోజుననే చేతికి వచ్చును. అరిగిన టైరు, విరిగిన కమాను, వంగిన ఇరుసు, క్లచ్చి ప్లేటు, వీని ఖర్చు ఆరు నెలలకు వచ్చును. అందుచేత అది ఆ ట్రిప్పు లెక్కలో కనిపించదు. చట్టము సంగతియు మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 113వ సెక్షను పత్రములో వ్రాసిన మొత్తము బరువును మించి బండి నడుపరాదనుచున్నది. 2019లో సవరించిన 194వ సెక్షను అట్టి నేరమునకు 20,000 రూపాయల జరిమానాను, మించిన ప్రతి టన్నుకు మరి 2,000 రూపాయలను విధించినది.

బరువు తెలిసికొనుట కష్టమైన పని కాదు. ట్రాలీ కొన్న వారములోనే దానిని ఖాళీగా ఒకసారి వేబ్రిడ్జి కాంటాపై తూయవలెను. తరువాత మీరు సాధారణముగా మోయు సరకులలో ఒక్కొక్క దానితో ఒక్కొక్కసారి తూచి, ఇసుక అయినచో ఎంత ఎత్తు, కట్టె అయినచో ఎంత ఎత్తు హద్దో తొట్టి లోపలి గోడపై రంగుతో గీత గీయవలెను. ఆ గీతను చదువు రాని కూలివాడును చూచి గ్రహింపగలడు. ఒకనాటి కాంటా రుసుము బండి బ్రతికినంత కాలము పనికివచ్చును.

మరి రెండు మాటలు. ట్రాలీ వెనుక ఎర్రని అద్దపు బిళ్ళలును దీపమును లేకుండ చీకటి పడిన తరువాత రోడ్డెక్కరాదు. అడవి దారిలో నిలిచిన ట్రాలీ వెనుకనుండి వచ్చు మోటారు సైకిలువానికి గోడవలె కనబడునంతలో అతడు దానిని తాకియుండును. ఇక ట్రాలీ సరకునకు చేసిన బండి. మనుష్యులకు చేసినది కాదు. నాటుకూలీలను, జాతరకు పోవు స్త్రీలను, పిల్లలను దానిలో ఎక్కించుట ఈ ప్రాంతమున పరిపాటియైనది. సరకు ఒరిగినచో బస్తాలు పోవును. మనుష్యులున్న ట్రాలీ ఒరిగినచో ఒక ఊరిలో పది ఇండ్లకు ఒకేనాడు దుఃఖము వచ్చును.

ట్రాలీ బేరమాడునపుడు “ఇది ఎంత లాగును?” అని అడుగుట మానుదురు గాక. “సరకుతో నిండిన ఈ బండిని నా ట్రాక్టరు వాన కురిసిన వాలులో నిలుపగలదా?” అని అడుగవలెను. ఆ ప్రశ్నకు సరియైన జవాబు దొరకిన ట్రాలీయే మంచి మోత గల ట్రాలీ.