ప్లగ్గు చూసి ఇంజను సంగతి తెలుసుకుందాం
(ప్రసంగ పాఠం)



అంబాసిడర్ తయారీ 2014లో నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకుముందే ఆగింది. ఉద్యోగకాలంలో కొన్న అటువంటి బండిని మనలో కొందరు ఇప్పటికీ కాపాడుకుంటున్నారు. ఇంజను కాస్త మొరాయిస్తే చాలు, ‘బోరింగు చేయించాలి’ అంటారు. పింఛను డబ్బుతో ఆ పనికి దిగేముందు నాలుగు ప్లగ్గులూ విప్పించి చూడండి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆగుతూ సాగుతూ తిరిగిన బండి ప్లగ్గు ఎలాగూ నల్లబడుతుంది. అది చూసి తీర్పు చెప్పకూడదు. మైపాడు దారిలో రద్దీ లేని వేళ పది కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపి, పక్కకు తీసి, వెంటనే ఇంజను ఆపేయాలి. చల్లారాక ప్లగ్గులు విప్పి, సిలిండర్ల వరుసలోనే పేర్చాలి.

మొన లేత బిస్కెట్టు రంగులో ఉంటే ఆరోగ్యమే. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం. ఛోక్ పూర్తిగా వెనక్కి పోతోందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా చూడాలి. నూనె తడి ఉంటే పిస్టన్ రింగులనో, వాల్వు గైడ్లనో అనుమానించాలి. బోరింగు మాట అప్పుడు ఆలోచించవచ్చు.

ఒక్క ప్లగ్గే నల్లబడితే కార్బురేటర్ జోలికి పోవద్దు. దాన్ని పక్క సిలిండరుకు మార్చి నడపండి. నలుపు దానితో పోతే లోపం ప్లగ్గుది. పాతచోటే ఉంటే ఆ సిలిండరుదో, దాని వైరుదో. మన తీరంలో ఉప్పుగాలికి వైరు కొనలు చిలుము పడతాయి, ముందు వాటిని శుభ్రం చేయించండి.

ఇక ముఖ్యమైన మాట. ప్లగ్గు తెల్లగా ఉందని సంతోషించవద్దు. సున్నం కొట్టినట్టుండి పొక్కులు కనబడితే పెట్రోలు చాలడం లేదు, లేదా టైమింగు మరీ ముందుకుంది. నలుపు పెట్రోలు ఖర్చుతో పోతుంది, తెలుపు పిస్టన్‌కే చిల్లు పెట్టగలదు.

సీసం కలిపిన పెట్రోలు 2000లో పోయింది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అందువల్ల ప్లగ్గు రంగు మునుపటికన్నా పాలిపోయి కనిపిస్తుంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది గనుక పాత సెట్టింగు మీద మిక్చర్ నిజంగానే పలచబడుతుంది కూడా. తెలుపుతోపాటు ఇంజను వేడెక్కడం, ఎక్కుడులో టకటక శబ్దం ఉంటే ఆలస్యం చేయక కార్బురేటర్ జెట్టు, టైమింగు చూపించండి.

ప్లగ్గు పానా, ఫీలర్ గేజి ఇంట్లో ఉంచుకోండి. పిల్లలకూ నేర్పండి.