అర పాయింటు విజయము



కుస్తీ యనగానే తెలుగువారికి కోడి రామమూర్తి నాయుడు గారి పేరు స్ఫురించును. గోదాలోనికి దిగినవాడు ఒంటరి. గెలుపైనను ఓటమియైనను వానిదే యని మన భావము. అమెరికా దేశపు విద్యాలయములలో మాత్రము ఈ విద్య జట్టు క్రీడగా పెరిగినది. జాతీయ కళాశాలల పోటీలో 1978 నాటికి శరీరపు తూకమును బట్టి పది తరగతులు ఉండెను. ఒక్కొక్కరి గెలుపునకు వచ్చు పాయింట్లను కూడగా వచ్చినదే జట్టు ఫలము. ఓడినవారికి వేరొక వరుస కలదు; అందు గెలిచి మూడవ స్థానము వరకు రావచ్చును. ప్రధానమైన వరుసలో ఒక మెట్టెక్కినచో ఒక పాయింటు. ఈ రెండవ వరుసలో అర పాయింటు. లెక్కల శాఖలో పనిచేయువారికి అర పైసా తేడా యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

మొక్కజొన్న పండు అయోవా రాష్ట్రమున వాటర్లూ యను పట్టణము కలదు. డాన్ గేబుల్ అచట 1948లో జన్మించెను. అతడు ఉన్నత పాఠశాలలో చదువుచుండగా, 1964లో, అతని యక్క తమ యింటనే హత్య చేయబడెను. తల్లిదండ్రులు ఆ యింట నుండలేక విడిచిపోవ దలచిరి. బాలుడు తన మంచమును అక్క గదిలోనికి మార్చుకొని, ఆ గది యిక తనదనెను. ఇల్లు నిలిచినది. బాబ్ సిడెన్స్ అను ఉపాధ్యాయుని శిక్షణలో ఆ పాఠశాల పక్షమున అతడు 64 కుస్తీలు పట్టి యొక్కటియు ఓడలేదు.

పిదప ఏమ్స్ పట్టణమందలి అయోవా స్టేట్ విశ్వవిద్యాలయమున హెరాల్డ్ నికోల్స్ అతనికి గురువయ్యెను. అచటను వరుసగా 117 గెలుపులు. కడపటి కుస్తీలో, 1970లో, లారీ ఓవింగ్స్ చేత 13-11 తేడాతో ఓడెను. ఆ యొక్క ఓటమియే అతనిని మరింత కఠోర సాధనకు పురికొల్పినది. 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో ప్రత్యర్థి కొక్క పాయింటైనను ఈయక స్వర్ణపతకము గెలిచెను.

గురువు ఏమ్స్‌లోనే యుండ, శిష్యుడు అదే రాష్ట్రమందలి ప్రత్యర్థి విద్యాలయమైన అయోవా విశ్వవిద్యాలయమునకు పోయి సహాయ శిక్షకుడయ్యెను. 1976లో గ్యారీ కర్డెల్‌మెయర్ స్థానమున ప్రధాన శిక్షకుడయ్యెను. అంతకు ముందు రెండేండ్లును ఆ జట్టే జాతీయ విజేత. అట్టి జట్టును చేపట్టుట చెడిపోయిన దానిని బాగుచేయుట కన్న కష్టము. ఏ కొంచెము తగ్గినను తప్పు క్రొత్తవానిదే యగును. 1977లో జట్టు మూడవ స్థానమునకు దిగెను. ప్రథమ స్థానము నికోల్స్ జట్టునకు దక్కినది!

మరుసటి యేడు, 1978లో, పోటీలు మేరీలాండ్ రాష్ట్రపు కాలేజ్ పార్కులో జరిగెను. పది తరగతులలో ఒక్కదానియందైనను అయోవావారిలో విజేత లేడు. విస్కాన్సిన్ వారికి ఇద్దరు విజేతలు. నికోల్స్ శిష్యులలో మైక్ లాండ్ 126 పౌనుల తరగతిలో ప్రథముడు. అయినను పాయింట్లు కూడగా అయోవాకు 94.5, అయోవా స్టేట్‌కు 94. జట్టు బహుమానము గేబుల్‌ది!

ఆ అర పాయింటు ఎవ్వని వలన వచ్చినదని యడిగిన, ఒక్కని పేరు చెప్పుటకు వీలులేదు. తుది పోటీకి చేరక, రెండవ వరుసలో, జనము చూపు మరలిన వేళ, అలసిన యొడలితో మరియొక పట్టు పట్టిన ప్రతివానికిని అందు భాగము కలదు. ఒక్కడే నూటికి పైగా గెలిచిన వీరునకు జట్టు నాయకుడుగా దక్కిన తొలి జాతీయ విజయము వీరుడు లేని విజయమగుట చిత్రము.

ఉత్తర గోగ్రహణమున పార్థుడు తొలుత ద్రోణుని పాదముల చెంత బాణములు వేసి నమస్కరించి, ఆ పిమ్మటనే పోరాడెను. కుస్తీ పరుపు మీద అట్టి నమస్కారమునకు తావు లేదు. గురువు నేర్పిన సాధనతోనే గురువు జట్టును అర పాయింటు తేడాతో దాటుటయే గేబుల్‌కు దక్కిన గురుదక్షిణా మార్గమేమో!

ఆ యేడు మొదలు 1986 వరకు తొమ్మిదేండ్లు వరుసగా అయోవాయే విజేత. 1987లో పదవ విజయమును కోరి ఆ మల్లులు దుస్తులపై రోమను పది అంకెను ధరించి వచ్చిరి. ఆ పోటీ మరల కాలేజ్ పార్కులోనే జరిగెను. నికోల్స్ అప్పటికి పదవి నుండి విరమించి యుండెను. బహుమానమును గెలుచుకొని పోయినది అయోవా స్టేట్.