పడవ మోటారుకు బ్యాటరీ ఎంపిక

ఈనాటి పాఠంలో మనం ఒక లెక్క చేయబోతున్నాం. ఎనిమిదో తరగతి గుణకారాలు, భాగహారాలే అయినా, అందులో తప్పు జరిగితే పడవ నీళ్ల మధ్యలో ఆగిపోతుంది.

ఒక పెద్ద చెరువును ఊహించుకోండి. అవతలి గట్టు 4 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన దగ్గర నలుగురు కూర్చునే చిన్న పడవ, దాని వెనుక బిగించిన 12 వోల్టుల విద్యుత్ మోటారు ఉన్నాయి. మోటారును పూర్తి వేగంతో నడిపితే 50 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుని, పడవను గంటకు 6 కిలోమీటర్ల వేగంతో తోస్తుంది. వెళ్లి రావడానికి 8 కిలోమీటర్లు, అంటే గంటా 20 నిమిషాలు పడుతుంది. కొట్లో చూపించిన బ్యాటరీ మీద 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు అని రాసి ఉంది. 100ను 50తో భాగిస్తే 2 గంటలు వస్తుంది. ఇంకా 40 నిమిషాలు మిగులుతాయి కదా అని మీరు సంతోషంగా బయలుదేరుతారు. కాని సుమారు గంటంబావుకు మోటారు మూలుగుతూ ఆగిపోతుంది. గట్టు ఇంకా అర కిలోమీటరు దూరంలో ఉంటుంది.

బ్యాటరీ చేసిన సంస్థ అబద్ధమాడిందా? లేదు. అది చెప్పిన నిజాన్ని మనం సగమే చదివాం. ఆ 100 పక్కన చిన్న అక్షరాలతో సి20 అని ఉంటుంది. 20 గంటలపాటు నెమ్మదిగా, అంటే 5 ఆంపియర్ల చొప్పున వాడుకుంటేనే 100 ఆంపియర్-గంటలు ఇస్తానని దాని అర్థం. మనం 5కు బదులు 50 లాగాం. సీసం పలకల సూక్ష్మరంధ్రాలలో ఉన్న ఆమ్లం ముందుగా ఖర్చవుతుంది. బయటి ఆమ్లం ఆ రంధ్రాలలోకి చేరడానికి వ్యవధి కావాలి. తొందరపెడితే లోపలి పదార్థం వాడకంలోకి రాకముందే వోల్టేజి పడిపోతుంది. ఈ నష్టాన్ని లెక్కగట్టే సూత్రాన్ని జర్మనీ శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ 1897లో ఇచ్చాడు. అందులో ఒక ఘాతాంకం ఉంటుంది. దాని విలువ 1.2 అనుకుంటే, మన బ్యాటరీ 50 ఆంపియర్ల దగ్గర ఇచ్చేది 63 ఆంపియర్-గంటలే. కొన్ని బ్యాటరీల మీద సి10 అని ఉంటుంది. అది 10 గంటల లెక్క. అంకె ఒకటే అయినా, సి10 మీద 100 అని రాసినది సి20 మీద 100 అని రాసినదానికంటే పెద్ద బ్యాటరీ అన్నమాట.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ 63ను కూడా మనం పూర్తిగా వాడకూడదు. సీసం బ్యాటరీ ఖాళీ అవుతుంటే రెండు పలకల మీదా లెడ్ సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే ఛార్జి చేస్తే కరిగిపోతుంది. బాగా ఖాళీ చేసి రోజుల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి, తర్వాత ఎంత ఛార్జి చేసినా కదలదు. అందుకే సగానికి మించి వాడకపోవడం, గట్టుకు చేరిన రోజే తిరిగి నింపడం మంచి అలవాటు.

కారు బ్యాటరీ చవకగా దొరుకుతుంది, అది పెట్టుకోవచ్చా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. పెట్టకూడదు. కారు బ్యాటరీ పని ఇంజనును కదిలించడం. కొన్ని సెకన్లపాటు వందల ఆంపియర్లు ఇవ్వాలి, తర్వాత కారే దాన్ని నింపుతుంది. అందుకని పలకలు పలచగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. వాటిని రోజూ లోతుగా ఖాళీ చేస్తే పలకల మీది పదార్థం రాలి అడుగున మడ్డిగా పేరుకుంటుంది. లోతుగా ఖాళీ చేసి, మళ్లీ నింపడానికి తగినట్టు మందమైన పలకలతో చేసినదే డీప్ సైకిల్ బ్యాటరీ. కరెంటు పోయినప్పుడు మీ ఇంట్లో ఫ్యాను తిప్పే ఇన్వర్టరు కింద పొడవాటి బ్యాటరీ ఉంటుంది చూడండి, ఆ ట్యూబులర్ రకం ఈ కోవలోనిదే. కాని 150 ఆంపియర్-గంటల ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలకు పైనే తూగుతుంది, పొడవుగా నిలబడుతుంది, లోపల ద్రవరూపంలో ఆమ్లం ఉంటుంది. ఒరిగే చిన్న పడవలో అలాంటిది పెట్టడం నాకు నచ్చదు. ఆమ్లాన్ని గాజు పీచులో ఇంకించి మూసేసిన రకమో, జెల్ రకమో మేలు.

ఇప్పుడు లెక్కలోని అసలు మలుపుకు వద్దాం. ఇలాంటి పడవ వేగాన్ని పెంచాలంటే కావలసిన సామర్థ్యం దాదాపుగా వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 6 నుంచి 4 కిలోమీటర్లకు తగ్గితే వేగం మూడింట రెండు వంతులు. దాని ఘనం 27లో 8 వంతులు. అంటే 50 ఆంపియర్లకు బదులు సుమారు 15 చాలు! వెళ్లి రావడానికి 2 గంటలు పడుతుంది, ఖర్చు 30 ఆంపియర్-గంటలు. నెమ్మదిగా లాగుతున్నాం కాబట్టి పాయ్‌కర్ట్ సూత్రం ప్రకారం అదే బ్యాటరీ ఇప్పుడు 80 ఆంపియర్-గంటలు ఇస్తుంది. సగమైనా ఖర్చు కాలేదు. 40 నిమిషాల ఓపిక పడితే అదే బ్యాటరీ సరిపోయింది.

అయితే ఒక్క బ్యాటరీ కొని ఇంటికి వెళ్లిపోదామా? ఆగండి. మధ్యాహ్నం ఎదురుగాలి లేచిందనుకుందాం. తిరుగు ప్రయాణంలో అదే 4 కిలోమీటర్ల వేగం నిలుపుకోవడానికి మోటారును పూర్తిగా తిప్పాల్సి వచ్చింది. వెళ్లేటప్పుడు గంటకు 15, వచ్చేటప్పుడు గంటకు 50, మొత్తం 65 ఆంపియర్-గంటలు. మొదటి గంట బ్యాటరీలో 19 శాతాన్ని, రెండో గంట 79 శాతాన్ని తినేస్తాయి. కలిపితే 98. గట్టు తగులుతుంది, కాని ఊపిరి బిగబట్టుకుని. బ్యాటరీ రెండేళ్ల పాతదైతే అదీ తగలదు. ఎంపిక చేయవలసింది ఈ చెడ్డ రోజు లెక్కతోనే, మంచి రోజు లెక్కతో కాదు.

రెండు బ్యాటరీలను సమాంతర సంధానంలో కలిపి చూడండి. వోల్టేజి 12గానే ఉంటుంది, ఒక్కొక్కటి సగం విద్యుత్తే ఇస్తుంది. గాలి రోజున కూడా ఖర్చు 43 శాతం దాటదు. బ్యాటరీ రెట్టింపైతే ఖర్చు శాతం సగానికంటే తక్కువకు పడిందని గమనించండి, అది పాయ్‌కర్ట్ చలవే. రెండూ ఒకే రకం, ఒకే వయసువి కావాలి. పాతదాన్ని కొత్తదానితో జతకడితే పాతది కొత్తదాన్ని కూడా తనతో ముసలిదాన్ని చేస్తుంది. ఇబ్బంది బరువుతోనే. రెండూ కలిపి సుమారు 60 కిలోలు, అంటే ఒక మనిషిని దింపి బ్యాటరీలను ఎక్కించుకున్నట్టు. వాటిని పడవ అడుగున, మధ్యకు దగ్గరగా పెట్టి, కదలకుండా కట్టాలి.

ఇక్కడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ముందుకొస్తుంది. 100 ఆంపియర్-గంటలది పన్నెండు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. ఎంత వేగంగా లాగినా దాదాపు రాసినంతా ఇస్తుంది, 80 శాతం వాడుకున్నా నొచ్చుకోదు. మన 65 దానికి సుఖమైన పని. సీసం బ్యాటరీ సగం లోతుకు కొన్ని వందల సార్లు పనిచేస్తే, ఇది రెండు మూడు వేల సార్లు పనిచేయగలదు. కొనేటప్పుడు ధర ఎక్కువే. రోజూ పడవ నడిపేవారికి ఆ ధర తిరిగి వస్తుందని, నెలకోసారి నడిపేవారికి సీసమే నయమని నా అభిప్రాయం. మరో తేడా కూడా ఉంది. సీసం బ్యాటరీ నీరసపడుతూ ముందే హెచ్చరిస్తుంది. లిథియం బ్యాటరీ వోల్టేజి చివరిదాకా దాదాపు నిలకడగా ఉంటుంది. తర్వాత లోపలి రక్షణ పరికరం ఒక్కసారిగా విద్యుత్తును ఆపేస్తుంది. కాబట్టి వోల్టేజి చూసి లాభం లేదు, ఖర్చయిన ఆంపియర్-గంటలను లెక్కపెట్టే మీటరు ఉండాలి. ఛార్జరు కూడా దానికి తగినదే వాడాలి.

అన్ని పడవలకూ ఇదే జవాబు కాదు. కేరళలో 2017లో వైకం, తవణక్కడవుల మధ్య మొదలైన ఆదిత్య అనే 75 మంది ప్రయాణికుల పడవ కప్పు మీది సౌర ఫలకాలతో, లిథియం బ్యాటరీలతో నడిచేలా చేసినది. పగటి ఎండే దానికి తోడు. 2023లో ప్రారంభమైన కొచ్చి వాటర్ మెట్రో పడవలకు లిథియం టైటనేట్ రకాన్ని ఎంచుకున్నారు. అంతే శక్తికి అది ఎక్కువ బరువుంటుంది, అయినా నిమిషాల్లో ఛార్జి అవుతుంది. రేవులో జనం ఎక్కి దిగే కాస్త వ్యవధిలో నింపుకోవలసిన పడవకు ఆ గుణమే ముఖ్యం.

చివరిగా తీగల సంగతి. 50 ఆంపియర్లు ఇంటి తీగల్లో పోయే విద్యుత్తు కాదు. సన్నని తీగ వేస్తే వేడెక్కుతుంది, వోల్టేజి దారిలోనే పోతుంది. మందమైన రాగి తీగ, బ్యాటరీ ధన ధ్రువానికి వీలైనంత దగ్గరగా ఫ్యూజు తప్పనిసరి. సీసం బ్యాటరీ ఛార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది కనుక పెట్టె మూత తెరిచి, గాలి ఆడేచోట ఛార్జి చేయాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు.

ఇప్పుడు మీ నోటు పుస్తకం తీయండి. అదే 600 వాట్ల సామర్థ్యం గల 24 వోల్టుల మోటారు మన పడవకు బిగించి, రెండు 100 ఆంపియర్-గంటల బ్యాటరీలను శ్రేణి సంధానంలో కలిపారనుకోండి. గాలి రోజున ఒక్కో బ్యాటరీ నుంచి ఎన్ని ఆంపియర్లు పోతాయి? సమాంతర సంధానంతో పోలిస్తే బ్యాటరీల ఖర్చు మారుతుందా, లేక తీగల మందమే మారుతుందా? లెక్క చేసి చూడండి.